ఉరుకుందప్ప మిద్దెతోట

మొక్కలు పెంచేవాడి మనసు మెత్తగా ఉంటుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. దాన్ని ప్రచారం చేసేవారు సాధారణంగా మొక్కలు పెంచేవారే కాబట్టి, ఒకసారి పరీక్షించి చూడటంలో తప్పులేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రెండో ఏట, ఆదోనిలోని ఒక పత్తిమిల్లు తూకం గుమాస్తా ఉరుకుందప్ప తన మట్టిమిద్దె మీద తోట వేశాడు. పదహారు కిర్సనాయిలు డబ్బాల్లో వంగ, మిరప; పిట్టగోడ వారన ఇటుకలు పేర్చి కట్టిన మడిలో బీర. సాయంత్రం మిల్లు నుంచి రాగానే చొక్కా విప్పి, మొక్కల మధ్య కూర్చుని ఒక్కొక్క ఆకూ తుడిచేవాడు. పురుగును కూడా చంపేవాడు కాదు. కాగితం మీదికి ఎక్కించి, పక్కింటి చెన్నమ్మ మిద్దె మీదికి సాగనంపేవాడు.

"ఆకు తెంపితే నాకు నొప్పి పుడతాదన్నా," అని తోటి గుమాస్తా రంగన్నతో ఒకసారి అన్నాడు. రంగన్న ఆ మాటను మిల్లంతా చాటాడు. మిల్లు అతన్ని ఋషిగా అంగీకరించింది. ఇంతకంటే సులువుగా ఋషి అయినవాడు మరొకడు ఉండడు.

ఆ తోటకు రోజుకు పది కడవల నీళ్ళు కావాలి. బావి రెండు వీధుల అవతల. మోసేది అతని భార్య తిమ్మక్క: బావి నుంచి ఇంటికి నెత్తిన, ఇంటి నుంచి మిద్దెకు నిచ్చెన మీదుగా చంకన. ఈ సంగతి ఉరుకుందప్ప ఎరగడని కాదు. ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, నీళ్ళు మిద్దె ఎక్కుతాయి. ప్రకృతిని ఆరాధించేవాడు దాని ఏర్పాట్లను ప్రశ్నించడు.

"మోకాళ్ళు పట్టుకుంటాండాయి. డబ్బాలు కింద పెట్టుకుంటే కాదా?" అని ఉగాదికి ముందు ఆమె అడిగింది.

"కింద మేకలొస్తాయి. పాపం, నోరులేని మొక్కలు."

"నాకు నోరుండి ఏం లాభమొచ్చింది?"

అతను బీరతీగకు దారం కడుతున్నాడు. వినబడలేదు.

పండుగ పోయిన పదిహేను రోజులకు, ఒక ఉదయం, నిచ్చెన ఐదో మెట్టు మీద తిమ్మక్క కాలు జారింది. కడవ పగిలింది. గోడవారన పడిన ఆమె ఎడమ మణికట్టు చూస్తుండగానే వాచింది. మిద్దె మీది నుంచి ఉరుకుందప్ప తొంగిచూశాడు. అలాంటప్పుడు నోటి నుంచి వచ్చే మొదటి మాటను మనిషి ఎంచుకోలేడు.

"నీళ్ళన్నీ పోయినాయా?"

చప్పుడు విని వచ్చిన చెన్నమ్మ తలెత్తి అతన్ని చూసింది. "నీళ్ళు పోయినాయప్పా. పెండ్లాం మిగిలింది. దేనికన్నా పనికొస్తాదేమో దిగి సూడు."

తిమ్మక్క ఏడవలేదు. వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, "రేపట్నుంచి నిచ్చెన నువ్వే ఎక్కు," అంది. "వంకాయకు నొప్పి పుడితే నాకు సెప్పొద్దు."

మర్నాటి నుంచి అతనే మోశాడు. మొదటి రోజు పది కడవలు. రెండో రోజు ఆరు. మూడో రోజు, మూడో కడవతో నిచ్చెన నడుమ ఆగి, నీళ్ళెక్కువైతే వంగకు వేరు కుళ్ళుతుందన్న శాస్త్రాన్ని కనిపెట్టాడు. ఆ జ్ఞానం అంతకుముందు, ఇంకొకరి నెత్తిన కడవ ఉన్నన్నాళ్ళూ, అతనికి కలగలేదు.

రెండు వారాల్లో వంగ ఎండింది, బీర వాడింది. మిల్లులో అడిగినవాళ్ళకు మట్టి మంచిది కాదన్నాడు. తర్వాత నాలుగు డబ్బాలు వాకిట్లోకి దించి పుండికూర, అంటే గోంగూర, విత్తాడు; తక్కినవి వదిలేశాడు. ఆ నాలుగింటికీ రోజుకు ఒక కడవ చాలు. దాన్ని తనే తెచ్చాడు. తిమ్మక్క చేయి కుదిరేదాకా ఇంటి నీళ్ళు కూడా తెచ్చాడు. కుదిరాక అవి మళ్ళీ ఆమే మోసింది. పుండికూర కడవ మాత్రం అతనిదే.