పరావలయం మీద గడ్డ

నా సర్వీసులో చివరి ఏప్రిల్ నెలలో, పదో తరగతి గణితం జవాబు పత్రాలు దిద్దే మూల్యాంకన శిబిరానికి నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు. శిబిరం మదనపల్లెలో. హోదా పేరు పెద్దదే గానీ ఇచ్చిన కుర్చీకి ఒక కాలు పొట్టిది. చీఫ్ ఎగ్జామినర్ కింద ఆరుగురు అసిస్టెంట్ ఎగ్జామినర్లు ఉంటారు. వాళ్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. వాళ్లు దిద్దినవాటిలో కొన్ని ఏరి, చీఫ్ పచ్చ సిరాతో మళ్లీ దిద్ది, చెయ్యి మరీ వదులైన వాళ్లనూ మరీ బిగువైన వాళ్లనూ దారికి తేవాలి. మా అందరి మీదా క్యాంపు ఆఫీసరు. పత్రాల కట్ట మీద సంకేత సంఖ్య మాత్రమే ఉంటుంది. అది ఏ ఊరి బడిదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

అప్పటికి నేను ముప్ఫై రెండేళ్లుగా గణితం చెబుతున్నాను. సదుంలో మొదలుపెట్టి, పుంగనూరులో తొమ్మిదేళ్లు, తర్వాత కలికిరిలో, చివరికి మదనపల్లె పక్కన ఒక బడిలో. నాకు సన్మానాలూ శాలువలూ లేవు. ఉన్న పేరంతా ఒక్కదానికే, బోర్డు మీద చేత్తో వంపు గీయడానికి. వర్గ బహుపదికి గ్రాఫ్ గీస్తే గిన్నెను పక్కనుంచి చూసినట్టు ఒక వంపు వస్తుంది. దాన్ని పరావలయం అంటాం. పిల్లలైతే ముందు పట్టిక వేసుకుని, చుక్కలు పెట్టుకుని, వాటిని నున్నగా కలపాలి. నేను మాత్రం పిల్లల వైపు ముఖం పెట్టి పాఠం చెబుతూనే చెయ్యి వెనక్కి చాచి గీసేవాణ్ని. గీసినాక తిరిగి చూసుకోవడం నాకు నామోషీ. అదే చేత్తో, వంపు కాస్త గతుకుపడిన ప్రతి పిల్లవాడికీ అర మార్కు కోసేవాణ్ని.

శిబిరంలో మూడో రోజు పొద్దున పెద్దమండ్యం నుంచి వచ్చిన వెంకటరమణప్ప అనే అసిస్టెంట్ ఎగ్జామినర్ ఒక పత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“సార్, ఈ పిల్లోడి పరావలయానికి గడ్డ లేసిండాది సూడండి” అన్నాడు.

చూశాను. x² − 2x − 3 అనే బహుపదికి గ్రాఫ్ గీసి శూన్యాలు కనుక్కోమని ప్రశ్న. శూన్యాలంటే వంపు X-అక్షాన్ని తాకే చోట్లు. పట్టిక సరిగా ఉంది. శూన్యాలు −1, 3 అని సరిగానే రాశాడు. ఎడమ కొమ్మ చక్కగా దిగింది, (1, −4) దగ్గర మలుపు తిరిగింది, కుడి కొమ్మ పైకెక్కింది. అయితే (4, 5) దగ్గరికి రాబోతూ ఒక్కసారి శనగ గింజంత ఉబ్బి, మళ్లీ ఏమీ ఎరగనట్టు తన దారిన పోయింది.

పెన్సిలు జారి ఉంటుంది, వదిలెయ్యమన్నాను. పది నిమిషాలకు మళ్లీ వచ్చాడు. “సార్, ఈ పిల్లకూ లేసిండాది.” భోజనాల వేళకు లెక్క తేలింది. ఆ కట్టలో ముప్ఫై ఒక్క పత్రాలుంటే, ముప్ఫై ఒక్క గడ్డలు. అన్నీ ఒకే చోట.

ఇక ఆ మధ్యాహ్నం ఎవరూ పత్రాలు దిద్దలేదు. అందరూ నా బల్ల చుట్టూ చేరారు. గ్రాఫ్ కాగితం అచ్చులోనే లోపం ఉందని ఒకరు. బెంచి మీద మేకు ఉండి ఉంటుందని ఇంకొకరు. ముప్ఫై ఒక్క బెంచీలకూ ఒకే చోట మేకు కొట్టిన వడ్రంగి ఎవరయ్యా అని వేరొకరు. ఒకాయన పాఠ్యపుస్తకం తెప్పించి బొమ్మను భూతద్దంతో వెతికాడు. నాకంటే సీనియర్ అయిన ఒక పెద్దమనిషి చివరికి “ఇన్నేండ్లూ మనమే తప్పుగా సెప్తాండామేమో అప్పా” అని నిట్టూర్చాడు. ఆయన నిజంగానే భయపడ్డాడు.

తర్వాత మార్కుల చర్చ. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో చెప్పే కాగితాన్ని స్కీమ్ అంటాం. పట్టికకు ఇన్ని, చుక్కలకు ఇన్ని, వంపుకు ఇన్ని, శూన్యాలకు ఇన్ని అని అందులో ఉంటుంది. గడ్డ గురించి స్కీమ్ ఒక్క ముక్క చెప్పలేదు. గడ్డకు మార్కు కొయ్యాలా, అదనంగా గీసినందుకు ఇవ్వాలా అన్నంతవరకూ పోయింది. ఇంతలో బోండాలు వచ్చాయి.

నేను మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఇది పచ్చి కాపీ అన్నాను. ఒకడు గీస్తే ముప్ఫైమంది దించారు, కళ్లు మూసుకుని దించారు, చివరికి పెన్సిలు జారడాన్ని కూడా దించారు అన్నాను. కాపీ జరిగిందని చీఫ్ ఎగ్జామినర్ నమ్మితే క్యాంపు ఆఫీసరుకు నివేదిక ఇవ్వాలి. అది పైకి పోతే ఆ పిల్లలందరి ఫలితమూ ఆగుతుంది. నేను రెండు పేజీల నివేదిక రాశాను. రాసినందుకు నాకు చాలా తృప్తిగా ఉండిందని ఒప్పుకోవాలి.

క్యాంపు ఆఫీసరు నిదానం మనిషి. నివేదికను బోర్లించి పెట్టి, “ముప్ఫై ఒక్క మంది పిల్లోళ్లప్పా. మీరు సంతకం పెడితే ఈ యేడు వాళ్లు యాడా చేరలేరు. అరిసింది మీరే కాబట్టి మీరే పొయ్యి కంటితో సూసి రాండి. ఆమీద పంపిస్తాము” అన్నారు. ఇది మామూలు పద్ధతి కాదు. ఆయన తన బాధ్యత మీద రాతపూర్వకంగా నన్ను విచారణకు వేశారు. బడి కుప్పం పక్కన.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దారిలో పుంగనూరు వచ్చినప్పుడు నేను తొమ్మిదేళ్లు చెప్పిన బడి వైపు తల తిప్పి, ఇక్కడ నా దగ్గర ఇలాంటి పప్పులు ఉడికేవి కావు అనుకున్నాను.

కుప్పంలో దిగి ఆ బడికి చేరేసరికి ఒంటిపూట తరగతులు జరుగుతున్నాయి. పై చదువుల ప్రవేశ పరీక్షకు తయారవుతున్న పదో తరగతి పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. గణితం టీచరు పేరు రెడ్డెమ్మ. నన్ను చూడగానే చేతిలో సుద్దముక్క కింద పడేసింది.

“సార్! మీరా! గుర్తు పడితిరా? పుంగనూరులో పదో తరగతి సార్, నేను. మా నాయన ఆవులు మేపేవాడు, బడి గేటు కాడ నిలబడి నా మార్కులు అడిగేవాడు.”

ఆమె గుర్తు రాలేదు గానీ గేటు దగ్గర పొట్టి ఆవును పట్టుకుని నిలబడే మనిషి గుర్తొచ్చాడు. వాళ్లింట్లో జీతం ఉద్యోగంలోకి వచ్చిన మొదటి మనిషి ఆమేనట. ఇంకో సందర్భమైతే సంతోషించేవాణ్ని. నా శిష్యురాలి బడిలోనే కాపీ జరిగిందని తెలిసేసరికి కోపం రెట్టింపైంది. విషయం చెప్పి, “నా దగ్గర చదువుకుని నువ్వు నేర్చుకున్నది ఇదా అమ్మా?” అని అందరి ముందూ అడిగేశాను.

ఆమె ముఖం పాలిపోయింది. “మా పిల్లోళ్లు కాపీ కొట్టేవాళ్లు కాదు సార్. ఫలితం ఆపితే వాళ్లను మళ్లీ బడి మొకం సూడనీరు ఇంట్లో. మీరే పరీచ్చ పెట్టండి” అంది.

పెట్టాను. కాపీ కొట్టినవాడికి తిరగేసి అడిగితే తెలియదు. సమీకరణం ఇచ్చి గ్రాఫ్ గీయమనడం ఒక ఎత్తు, గ్రాఫ్ ఇచ్చి సమీకరణం చెప్పమనడం ఇంకో ఎత్తు. వరండాలో ఒక్కొక్కరినీ బారెడు దూరంలో కూర్చోబెట్టి, ఒక బోర్లించిన పరావలయం వివరాలు ఇచ్చాను. X-అక్షాన్ని −2 దగ్గరా 4 దగ్గరా తాకుతుంది, (0, 8) గుండా పోతుంది, సమీకరణం కనుక్కుని గ్రాఫ్ గీయండి అన్నాను.

గంగ అనే అమ్మాయి అందరికంటే ముందు లేచింది. “శూన్యాలు రెండు తెలిస్తే a(x + 2)(x − 4) అని రాసుకోవచ్చు సార్. a ఎంతో తెల్దు కదా, దానికి మూడో సుక్క కావాల. x కాడ సున్నా పెడితే −8a వస్తాది. అది 8 కావాలంటే a మైనస్ ఒకటి. మైనస్ కాబట్టే బోర్ల పడిండాది. −x² + 2x + 8 సార్.”

ఇంతకంటే చక్కగా నేనూ చెప్పలేను. మిగతా వాళ్లూ తలో తీరున అదే జవాబు తెచ్చారు. ముగ్గురు గుర్తుల దగ్గర తడబడి వాళ్లే దిద్దుకున్నారు. ఇది కాపీ కొట్టే తరగతి కాదని నాకు అర్థమైపోయింది. అప్పుడు గ్రాఫులు చూశాను. ముప్ఫై ఒక్క గ్రాఫుల్లోనూ కుడి కొమ్మ దిగేచోట, (3, 5) దగ్గర, శనగ గింజంత గడ్డ.

“ఇదేందమ్మా?” అన్నాను గంగతో.

“గడ్డ సార్” అంది, ఇంత పెద్ద సారుకు ఇది కూడా తెలియదా అన్నట్టు. “ఆ గడ్డ మీద సుక్క పెట్టి సమీకరణంలో ఏసి సూస్తే సరిపోదు సార్. మేడంను అడిగితే అది గీతకే గానీ లెక్కకు కాదు అనింది.”

రెడ్డెమ్మ వైపు తిరిగాను. బోర్డు మీద ఒక పరావలయం గీయమన్నాను. అది కొత్త ఆకుపచ్చ బోర్డు, అద్దంలా నున్నగా ఉంది. ఆమె గీసింది. కుడి కొమ్మ మీద ఆ చోటికి వచ్చేసరికి మణికట్టు ఒక్క ఎగురు ఎగిరింది. గడ్డ పడింది.

“ఎవరు నేర్పించారమ్మా నీకు?”

“మీరే సార్.”

“నేనా?”

“అవును సార్. పుంగనూరులో రోజూ మీరు గీసేటప్పుడు ఆడికొస్తే మీ చెయ్యి ఎగిరేది. తిన్నంగా పొయ్యే గీతలకు మీరు స్కేలు పెట్టేవాళ్లు కాబట్టి వాటికి గడ్డ లేదు. చేత్తో గీసే వంపుకే గడ్డ అనుకొంటిమి. గడ్డ పెడితే మీరు అర మార్కు కోస్తిరి. సరైన సోట పెట్టలేదేమో అని స్కేలుతో కొలిసి పెట్టేది నేర్సుకుంటిమి. అప్పుడూ కోస్తిరి.”

అప్పుడు గుర్తొచ్చింది. పుంగనూరులో మాకు చెక్క బోర్డు లేదు. గోడకే సిమెంటు పూసి నల్లరంగు వేశారు. మేస్త్రీ తాపీ సరిగా తిప్పక, కుడి చేతి వైపు ఒక చోట నిమ్మకాయ ముక్కంత ఉబ్బు వదిలాడు. రోజూ గోడ మధ్యలో ఉన్న ఒక మేకు గుంతనే నేను మూలబిందువుగా పెట్టుకునేవాణ్ని కాబట్టి, కుడి కొమ్మ రోజూ ఆ ఉబ్బు మీదుగానే పోయేది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. పిల్లలు మాత్రం చూశారు.

మరి పుస్తకంలో గడ్డ లేదు కదా అన్నాను. అచ్చులో అంత చిన్నది పడదేమో అనుకున్నానంది. డిగ్రీలో ఎవరూ చెప్పలేదా అన్నాను. “డిగ్రీలో గ్రాఫులు ఎవరు గీపిచ్చినారు సార్, అన్నీ సూత్రాలే” అంది.

సరే, తప్పు గోడది, నాది కాదు అని మనసుకు సర్దిచెప్పుకుని, నున్నటి పరావలయం ఎలా ఉంటుందో ఈ పిల్లలకు ఒక్కసారి చూపించి పోదామనుకున్నాను. సుద్దముక్క తీసుకున్నాను. అలవాటు ప్రకారం పిల్లల వైపు తిరిగి, చెయ్యి వెనక్కి చాచి గీశాను. తరగతి గొల్లున నవ్వింది. జీవితంలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను.

“మేడం గడ్డకన్నా మీ గడ్డ పెద్దదిగా ఉండాది సార్!” అంది గంగ.

తుడిచి మళ్లీ గీశాను. మళ్లీ పడింది. బోర్డు వైపు చూస్తూ, ఊపిరి బిగపట్టి, మూడోసారి గీశాను. ఈసారి గడ్డ పడలేదు గానీ వంపు అంతా గజగజ వణికింది. రెడ్డెమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తిరుగు ప్రయాణంలో పుంగనూరులో దిగి ఆ బడికి పోయాను. దోషిని కళ్లారా చూద్దామంటే, ఆ గది పడగొట్టి కొత్తది కట్టేశారు. గోడే లేదు. ఇక సాక్ష్యమంటూ ఉన్నది నా చెయ్యి ఒక్కటే.

మదనపల్లెలో పాత నివేదిక చించి కొత్తది రాశాను. కాపీ జరగలేదని, ముప్ఫై ఒక్క మందికీ విషయం క్షుణ్ణంగా తెలుసునని రాశాను. కారణం అన్న గడిలో, పుంగనూరు బడి గోడ మీది సిమెంటు ఉబ్బు, దాన్ని తొమ్మిదేళ్లు చెక్కించకుండా దాని మీదుగానే గీసిన ఉపాధ్యాయుడు, అంటే ఈ నివేదిక రాసినవాడు అని రాశాను. క్యాంపు ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివి, “ఇది ఏ రూలు కింద రాస్తిరప్పా?” అన్నారు. ఏ రూలూ లేదన్నాను. నవ్వు ఆపుకుని సంతకం పెట్టారు. వెంకటరమణప్ప బోండా నములుతూ, “ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తాదా సార్” అన్నాడు. పొట్టి ఆవులకు పేరుపడ్డ పుంగనూరులో తొమ్మిదేళ్లు ఉన్న నాకు, పెద్దమండ్యం నుంచి వచ్చినవాడు ఆవు సామెత చెప్పాల్సి వచ్చింది, ఏం చేస్తాం.

ఆ ముప్ఫై ఒక్క పత్రాలనూ నేనే పచ్చ సిరాతో సరిచూశాను. పట్టిక, చుక్కలు, వంపు, శూన్యాలు, అన్నింటికీ స్కీమ్ ప్రకారం పూర్తి మార్కులు. గడ్డకు ఏమీ కొయ్యలేదు. ఫలితాలు వేళకే వచ్చాయి. గంగ లెక్కల గ్రూపులోనే చేరిందని రెడ్డెమ్మ ఫోన్ చేసి చెప్పింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. మనం చెప్పిన మాటలు పిల్లలు కొన్ని వింటారు, కొన్ని వదిలేస్తారు. మనం చేసినది మాత్రం కొలతలతో సహా దించుకుంటారు. కాబట్టి ఉపాధ్యాయుడు గీసినాక వెనక్కి తిరిగి బోర్డు చూసుకోవాలి. నేను చూసుకోలేదు. నేను గీసిన గడ్డనే నాకు తిరిగి గీసి చూపించినందుకు ఎంతమంది పిల్లలకు అర మార్కు కోశానో గుర్తు లేదు. కోసిన మార్కులు తిరిగి ఇచ్చే పద్ధతి మా శాఖలో లేదు.