మూడో పాటలో ఏముంది

మా ఆయన నేతమిల్లులో మగ్గాలు నడుపుతాడు. అది పొట్టకూటికి. ప్రాణమంతా 'ఇనుపరెక్కలు' అనే రాక్ బ్యాండు మీదే. నలుగురు మగాళ్లు జుట్టు విరబోసుకుని, ఇంటికప్పు లేచిపోయేలా గిటార్లు బాదుతారు. వాళ్లకు మా ఊళ్లో ఒక అభిమాన సంఘం, దానికి మా ఆయన ప్రెసిడెంటు. పెళ్లినాటికే ప్రెసిడెంటు. నెత్తిన జుట్టు పలచబడింది, బెల్టుకు కొత్త కన్నాలు పొడిచాం, పదవి మాత్రం ఊడలేదు. మిల్లులో కూడా అందరూ ప్రెసిడెంటూ అనే పిలుస్తారు. ఇంట్లో ఆ ఉద్యోగం నాది కాబట్టి ఇక్కడ ఆ పిలుపు చెల్లదు.

ఆయన గర్వమంతా చెవుల్లోనే. గిటారు మీద ఒక్క దెబ్బ పడితే చాలు, ఏ ఆల్బమో, ఎన్నో పాటో చెప్పేసేవాడు. "నావి చెవులు కావే, త్రాసులు" అనేవాడు. నేను మూతి తిప్పేదాన్ని.

అలాంటి ఇంట్లోకి కొత్త ఆల్బమ్ వచ్చి నిప్పు పెట్టింది. దాని పేరు 'మేడమీద గది'. ఎప్పుడూ గొంతు చించుకునేవాళ్లు ఈసారి మెల్లగా పాడారట, డ్రమ్ములు తగ్గించారట. సంఘం రెండుగా చీలింది. బాగుందనేవాళ్లకు నాయకుడు మా ఆడపడుచు మొగుడు. మా ఆయనకు బావ, నాకు అన్నయ్య వరస. ఫోటో స్టూడియో నడుపుతాడు, సంఘం సమావేశాలన్నీ అక్కడే. బాగాలేదనేవాళ్లకు నాయకుడు ఇంకెవరు, మా మహానుభావుడే. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! వాయించినవాళ్లు హాయిగా ఉన్నారు, వీళ్లిద్దరూ మాటలు మానేశారు. "మీ అన్నకు చెప్పు", "మీ ఆయనకు చెప్పు" అంటూ నేనూ మా ఆడపడుచూ ఫోన్లో వాళ్ల తిట్లు మోయలేక చచ్చాం.

ఆయన అసలు కోపం మూడో పాట మీద. "మొదట గిటారు, చివర గిటారు. మధ్యలో ఏముంది? ఉత్త గాలి! పాట కట్టడం చేతకాక ఖాళీగా వదిలేసి, దానికి కళ అని పేరు పెట్టారు" అని కనిపించినవాడికల్లా చెప్పేవాడు. ఆదివారం సమావేశంలో అందరి ముందూ ఆ పాట పెట్టి బావ నోరు మూయిస్తానని పంతం పట్టాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం స్పీకరు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "నువ్వే న్యాయం చెప్పవే" అని ఆ పాట పెట్టాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. గిటారు ఆగింది. ఎక్కడో దూరంగా సన్నగా గంటలు మొదలయ్యాయి. వాటి మీద ఒక ఆడపిల్ల కీచుగొంతుతో, పసిపిల్లలా, కూనిరాగం తీస్తోంది. కత్తి ఆపేశాను. అబద్ధమెందుకు, ఆ బ్యాండు వాయించినవాటిలో నాకు నచ్చిన మొదటి ముక్క అది.

"చూశావా, ఏమీ లేదు" అన్నాడాయన.

"ఏమీ లేకపోవడమేమిటి? గంటలు ఎంత బాగున్నాయో!"

"ఏ గంటలు?"

"ఇప్పుడు మోగుతున్నవేనండీ. ఆ అమ్మాయి కూడా ఎంత బాగా..."

"ఏ అమ్మాయే? ఓహో, బావ నిన్ను కూడా తన పార్టీలో కలిపేసుకున్నాడన్నమాట!"

ముందు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఆటపట్టించే మొహం కాదది. గంటలు మోగుతూనే ఉన్నాయి, ఆయన స్పీకరు వంక చిరాగ్గా చూస్తూనే ఉన్నాడు.

వెంటనే లారీ గుర్తొచ్చింది. కిందటి వారం మిల్లు ఆవరణలో ఒక లారీ వెనక్కి వస్తుంటే ఈయన తిన్నగా దాని వెనకే నడిచాడట. మేస్త్రీ పరుగున వచ్చి చొక్కా కాలరు పట్టి లాగకపోతే ఆ రోజే అయిపోయేది. ఇంటికొచ్చి గంటసేపు డ్రైవరును తిట్టాడు. "వెధవ, వెనక్కొచ్చేటప్పుడు అలారం ఉండొద్దూ!" అన్నాడు. ఆ డ్రైవరు చేతులు విరిగిపోనూ అని నేనూ నాలుగు శాపనార్థాలు పెట్టాను. ఇప్పుడు వంటింట్లో నిలబడి ఆ మాటే మళ్లీ తలుచుకున్నాను. ఆ అలారం కూడా కీచుమనే మోగుతుంది కదా. అది మోగే ఉంటుంది. గిటార్ల మోత వినబడుతోంది గానీ, సన్నటి కీచు శబ్దాలే ఆయన చెవికి అందడం లేదు.

మరి ఇన్నాళ్లూ నాకెందుకు తెలియలేదు? మిల్లు వల్ల. మగ్గాల మోతలో పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్లంతా పెదాలు చూసి మాట్లాడుకుంటారు. పెళ్లికి ముందు నేనూ అక్కడే నూలు చుట్టేదాన్ని. ఆయన రెండు వరసల అవతల నిలబడి, పెదాలతోనే "నన్ను చేసుకుంటావా?" అని అడిగాడు. నేను పెదాలతోనే "మొహం చూసుకో" అన్నాను. అలా కుదిరింది మా సంబంధం. ఆ అలవాటే ఆయన్ని ఇన్నేళ్లూ కాపాడింది. ఎదురుగా ఉంటే ఒక్క ముక్క కూడా వదలడు. పొయ్యివైపు తిరిగి నేనేమన్నా మాత్రం ఉలకడు, పలకడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని దెప్పేదాన్ని. నేనంటే లెక్కలేదనుకుని ఎన్నిసార్లు కుమిలిపోయానో నాకే తెలుసు. ఇప్పుడా సామెత గుర్తొస్తే నా నోరు నేనే నొక్కుకున్నాను.

ఊరుకోలేక, ఆయన ముందుగదిలో పేపరుతో కూర్చున్నాక, వెనక నిలబడి మెల్లగా పిలిచాను. ఇంకాస్త గట్టిగా పిలిచాను. పేపరు తిప్పుకుంటున్నాడు. ముందుకొచ్చి చెప్పేశాను: "ఏమండీ, ఒకసారి డాక్టరుకు చెవులు చూపిద్దాం."

అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. "నా చెవులకా! ఊరంతా నా చెవుల్ని చూసి నేర్చుకుంటుంటే నువ్వు నాకు వైద్యం చేయిస్తావా? వాడి చెత్త పాట బాగుందనడానికి నన్ను చెవిటివాణ్ణి చేస్తారా మీరంతా?" అని చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు.

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన సంగతి నాకు తెలియదా? కానీ ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పొద్దున ఆయన గేటు దాటితే లారీ కళ్లముందు తిరిగేది. సాయంత్రం కాస్త ఆలస్యమైతే వీధి చివరిదాకా వెళ్లి నిలబడేదాన్ని. మిల్లులో చెవులు పోవడం కొత్తేం కాదు. చెబితే లారీల దారిన పోనివ్వకుండా, గుడ్డ తనిఖీ చేసే బల్ల దగ్గర వేస్తారు. ఆయన ముందు ఒప్పుకోవాలి కదా!

శనివారం స్టూడియోకు వెళ్లి అన్నయ్యకు అంతా చెప్పాను. కెమెరా లెన్సు తుడుస్తున్న మనిషి దాన్ని పక్కన పెట్టేశాడు.

"నేను పంతమనుకున్నానమ్మా. రేపు అందరి ముందూ వాణ్ణి ఒక ఆట ఆడించాలని కూర్చున్నాను" అన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోనీలే చెల్లెమ్మా, ఏదో వంక చెప్పి రేపు ఆ పాట ఎత్తకుండా చూస్తాను. వాడి పరువు పోకూడదు."

ఒక్క క్షణం నాకూ అదే బాగుందనిపించింది. అంతలోనే లారీ గుర్తొచ్చింది.

"వద్దన్నయ్యా, పెట్టించు. పరువు పోతే పోయింది, మనిషి మిగిలితే చాలు" అన్నాను. అనేశాను గానీ, ఇంటికి నడుస్తుంటే దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి స్టూడియో నిండిపోయింది. కొండలూ మబ్బులూ గీసిన తెర ముందు, గొడుగు లైట్ల కింద మా ఆయన నిలబడ్డాడు. సంఘమంతా ఆయనకు ఎదురుగా నేలమీద కూర్చుంది. నేను తలుపు దగ్గర. ఆయన చెయ్యెత్తి అన్నాడు: "ఇప్పుడు మూడో పాట వింటారు. విన్నాక, ఇందులో ఏమైనా ఉందని గుండెమీద చెయ్యి వేసుకుని ఎవరైనా చెప్పండి చూద్దాం! పెట్టు బావా!"

అన్నయ్య నా వంక చూశాడు. నేను తల ఊపాను. పెట్టాడు.

గిటారు ఆగింది. గంటలు మొదలయ్యాయి. మా ఆయన గెలిచినవాడిలా చేతులు కట్టుకుని జనాన్ని చూశాడు. మెల్లగా ఆ మొహంలో నవ్వు సడలింది. ఆయన పార్టీవాళ్లూ, బావ పార్టీవాళ్లూ అందరూ ఒకే తాళానికి మోకాళ్లమీద వేళ్లు తడుతున్నారు. ఒకరు ఆగితే అందరూ ఆగుతున్నారు, మళ్లీ అందరూ ఒక్కసారే అందుకుంటున్నారు. ముందు వరసలో ఒకాయన కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. మా ఆయన ఆ పెదాలనే చూస్తున్నాడు. అవి మాటలు కావు, రాగం.

అప్పుడు తలెత్తి నన్ను వెతికాడు. జనం తలల మీదుగా, మిల్లులో అడిగినట్టే, శబ్దం లేకుండా పెదాలతో అడిగాడు: "ఉన్నాయా?"

"ఉన్నాయి" అన్నాను పెదాలతోనే. "గంటలు. అమ్మాయి కూడా ఉంది." నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

పాట అయిపోయింది. మా ఆయన, "ఇంకోసారి పెట్టు" అన్నాడు. అన్నయ్య మళ్లీ పెట్టాడు. ఈసారి ఆయన స్పీకరు దగ్గరికి వెళ్లి చెవి ఆనించాడు, అరచెయ్యి ఆనించాడు. చివరిదాకా అలాగే ఉన్నాడు. తర్వాత జనంవైపు తిరిగాడు.

"ఈ పాట మీద ఇన్నాళ్లూ నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నాకు వినబడటం లేదురా."

అన్నయ్య వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ముక్కు ఎగబీల్చి, "అయితే ఒకటి బావా, మిగతా పాటలు మాత్రం చెత్తే. అవి శుభ్రంగా వినబడ్డాయి" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది. ఏడుస్తూనే నేనూ నవ్వాను.

తిరిగొస్తుంటే ఆయన్ని గోడవైపు నడిపించి, రోడ్డువైపు నేను నడిచాను. వీధి మలుపు దగ్గర ఆగి నా మొహంలోకి చూశాడు. "ఆ లారీ అలారం... మోగిందంటావా?"

"మోగే ఉంటుందండీ."

"పాపం, ఆ డ్రైవరును నోటికొచ్చినట్టు తిట్టాను. రేపు వెళ్లగానే మేస్త్రీతో నా చెవుల సంగతి చెప్తాను. వాడికీ ఒక మాట చెప్పాలి." నాకు అప్పటిదాకా బిగపట్టుకున్న ఊపిరి కాస్త వదిలినట్టయింది.

వంటింట్లో స్టవ్ వెలిగించాను. ఎప్పుడు వచ్చాడో, పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇన్నేళ్లూ అటు తిరిగి ఏం మాట్లాడేదానివే?"

ఆయనవైపు తిరిగాను. "తిట్టేదాన్ని."

"అన్నీ తిట్లేనా?"

తల అడ్డంగా ఊపాను.

"అయితే ఇటు తిరిగి మళ్లీ చెప్పు. మొదటినుంచీ."

స్టవ్ ఆపేశాను. ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. తిట్లతోనే మొదలుపెట్టాను.