వాకిట్లో చుక్కల కుక్క

కార్టూన్ కుక్కని గీసేది నేర్పించే వీడియో ఒకటి మా పాప ఫోన్‌లో చూపించింది. ముందు గుండ్రంగా తల గియ్యాలంట. పేపర్ మీద గీస్తే నాకు ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, వచ్చింది. చిన్నప్పటి నుంచి ముగ్గులేసిన చెయ్యి నాది, చుక్కలు లేకుండా గీత కదలదు. అందుకని ఈ రోజు తెల్లారి వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, వాటి చుట్టూ ముగ్గుపిండితో ఆ కుక్కనే వేసినాను. వేలాడే చెవులు, బయటికొచ్చిన నాలుక, అన్నీ కుదిరినాయి.

మా అత్త బయటికొచ్చి చూసి నిలబడిపోయింది.

"గడప ముందర కుక్కనా? ఇంగ లచ్చిమి ఇంట్లోకి ఎట్లొస్తాది? చెరిపెయ్."

"మన కుక్క రోజూ రాత్రి మేకల్ని కాస్తా ఆడనే పండుకుంటాది కదత్తా. మేక జతపిల్లల్ని ఈనిన దినం ఇంటికి లచ్చిమి వచ్చిందని నువ్వే అంటివి. కుక్కని దాటుకోనే కదా వచ్చింది?" అన్నాను. చెరపలేదు.

సాయంత్రం మేకలు ఇంటికొస్తా తొక్కేసరికి ముక్కు పోయింది. అత్త చూస్తా ఉండంగానే పిండి తెచ్చి ముక్కు మళ్ళీ పెట్టినాను.

మా మొరప్పూర్ పక్క ఊర్లలో నెమలి ముగ్గేస్తే అందరూ మెచ్చుకుంటారు. ఆ నెమలి ఏ రాత్రి ఎవరి మేకల్ని కాసిందో తెలిసినవాళ్ళు కింద చెప్పండి.