తార్నాక దాకా ఒక ఇయర్‌ఫోన్

ఆ ఉదయం ముసురు పట్టి, క్యాంపస్ చెట్లన్నీ పొగలో కరిగిపోతున్నట్టు ఉన్నాయి. విద్యానగర్ వైపు నుంచి వచ్చిన బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఇయర్‌ఫోన్లలో ఎప్పుడూ వినే ఆల్బమ్ పెట్టుకున్నాను. అదొక విదేశీ బ్లాక్ మెటల్ బ్యాండ్‌ది. గిటార్లు వానలా ఆగకుండా కురుస్తుంటే, వాటి వెనక ఎక్కడో ఒకడు గొంతు చించుకుని అరుస్తుంటాడు. హాస్టల్లో ఎవరికి వినిపించినా సగం పాటలోనే ఆపెయ్యమనేవారు. నాన్న పోయినప్పటి నుంచి నేను వింటున్నది అదొక్కటే.

"గంత గట్టిగ ఏం వింటున్నవ్ బిడ్డా?" అంది పక్కసీట్లో పెద్దావిడ. చెయ్యి చాపితే ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను.

చెవిలో పెట్టుకుని కాసేపు విన్నది. తర్వాత చావింట్లో అడుగుపెడుతున్నట్టు కొంగు తలమీదికి లాక్కుంది.

"శోకాలు పెడుతున్నడు. ఎవరు పోయిండ్రంట?"

"తెల్వదమ్మా. ఆ భాష నాకు రాదు."

"మరి నీకెవరు పోయిండ్రు?"

"మా నాన్న."

ఆమె, చావింట్లో ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేటప్పటిలాగే నా భుజం చుట్టూ చెయ్యి వేసి, పాటతోపాటు మెల్లగా ఊగింది. తడిసిన అద్దం అవతల చెట్లు కూడా ఊగుతున్నాయి.

తార్నాక రాగానే ఇయర్‌ఫోన్ నా అరచేతిలో పెట్టి లేచింది.

"ఏడ్చేటోళ్లను మధ్యల ఆపొద్దు బిడ్డా. ఆళ్లంతల ఆళ్లే ఆగాలె."

నేను దిగాల్సింది కూడా అక్కడే. దిగలేదు. రెండు ఇయర్‌ఫోన్లూ పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను. చాలాసేపటికి కండక్టర్ వచ్చి, ఎక్కడ దిగాలని అడగబోయి, నా ముఖం చూసి వెనక్కి వెళ్లిపోయాడు.