చైనా గ్రాసు మీద బెల్లం పాకం

వజ్రకరూరులో టీచరుగా పనిచేసే రోజుల్లో ఒక దర్జీ సాయిబు ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఆయన భార్యను అక్కా అని పిలిచేదాన్ని. ఆ ఏడు మా పెద్ద టీచరమ్మ రిటైరవుతున్నారు. ఆమె నవ్వగా చూసినవాళ్లు మా బడిలో ఎవరూ లేరు. వీడ్కోలుకు ఏదైనా కొత్త తీపి చేద్దామని నేనంటే, అక్క తన తమ్ముడు బళ్లారి నుంచి తెచ్చిన చైనా గ్రాసు బయటికి తీసింది. సముద్రపు నాచుతో చేసిన, ఎండుగడ్డిలాంటి పోగులవి.

వాటిని నీళ్లలో కరిగేదాకా మరిగించి, చక్కెర వేసిన గేదెపాలలో కలిపి, పెద్ద ఇత్తడి తాంబాళంలో పోసింది. తడి గోనెపట్టా మీద పెడితే కాసేపటికి తెల్లగా, మెత్తగా పేరుకుంది. వేలితో తాకితే వణికింది. దానిమీద "వందనాలు" అని రాయాలని నా ఉబలాటం. పల్చటి బెల్లం పాకంలో వేయించిన శనక్కాయల పొడి కలిపి, చెంచాతో మొదలుపెట్టాను.

గీసిన గీత గీసినట్టు నిలవలేదు. పొడి నడుమనే ఆగిపోయింది. పాకం మాత్రం చుట్టూ పాకి, అంచుల్లో రెక్కలు విప్పింది. మూడో అక్షరానికి వచ్చేసరికి మొదటిది పోల్చుకోలేకుండా పోయింది.

"అయ్యో అక్కా, అంతా పాడయిపాయ!" నాకు ఏడుపొచ్చింది.

"పాడెట్లయితాది? పూలు పూస్తాండాయి చూడు. అక్షరాలొద్దులే, చుక్కలు పెట్టు," అంది అక్క.

చుక్కకో పువ్వు. పాకం పల్చనైతే పెద్దది, పొడి ఎక్కువైతే చిన్నది. సగం తాంబాళం నిండకుండానే వేళయిపోయింది. చెరోవైపు పట్టుకుని, మిగిలిన పాకం గిన్నెతో సహా బడికి మోసుకెళ్లాం.

పెద్ద టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశారు. "ఎవురు గీసినారు ఇవి?"

"ఎవురూ గీయలేదమ్మా. మేం చుక్క పెట్టినాం, అదే పూసింది," అంది అక్క.

ఆమె నమ్మలేదు. చెంచా అడిగి తీసుకుని తానే ఒక చుక్క వేశారు. అది మెల్లగా విచ్చుకుంటుంటే ఊపిరి బిగబట్టి చూసి, ఉన్నట్టుండి ఫక్కున నవ్వారు. పిల్లలు బిత్తరపోయారు.

"ఉండండప్పా, ఈడ ఇంకొకటి!"

తాంబాళంలో చోటు అయిపోయేదాకా చెంచా ఎవరి చేతికీ ఇవ్వలేదు. ప్రసంగాలు సిద్ధం చేసుకున్నవాళ్లు చుట్టూ మూగి, ఏ పువ్వు బాగుందో వాదించుకోసాగారు. ఆ ఏడు రంజానుకు ఆమె ఎవరూ పిలవకుండానే దర్జీ ఇంటికి వచ్చారు, బెల్లం అచ్చు చంకలో పెట్టుకుని.