చిన్నాయన విన్న మాట

మా అమ్మకు పెళ్లయ్యేటప్పటికి నాకు ఎనిమిదేళ్లు. నన్ను కన్నవాడు అమ్మకు తాళి కట్టలేదు. ఇక రావద్దన్నందుకు అమ్మను కత్తితో పొడిచి జైలుకు పోయాడు. అన్నీ తెలిసే అమ్మను చేసుకున్న మనిషి పొదటూరుపేటలో మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. నేను ఆయన్ను నాయనా అనలేకపోయాను. చిన్నాయనా అనేదాన్ని. ఆయన ఆ పిలుపుకే పలికేవాడు. మాట చాలా తక్కువ.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఏసు పెంపుడు తండ్రి జోజప్ప పండగనాడు గుడిలో ఫాదర్ చెప్పారు: సువార్తల్లో ఆ పునీతుడు ఒక్క మాటా మాట్లాడడు, దేవదూత చెప్పగానే లేచి బిడ్డనూ తల్లినీ తీసుకొని ఐగుప్తుకు పోయాడు అని. మాటే రాని పునీతుడు మనకేం సాయం చేస్తాడులే అనుకున్నాను.

ఆ వారమే బడి ఎదురుగా పెట్టెకొట్టు దగ్గర ఒకడు బైకు ఆపుకొని నిలబడ్డాడు. ఎండలో కూడా హెల్మెట్ తీయలేదు. రెండోరోజూ ఉన్నాడు. మూడోరోజు, శనివారం ఒంటిపూట బడి వదిలాక, హెల్మెట్ అద్దం పైకెత్తి నన్నే చూశాడు. నన్ను కన్నవాడి ఆ తెగి అతుక్కున్న కనుబొమను నేను మరిచిపోలేదు.

ఇంటికి పరిగెత్తి చెప్పాను. అమ్మ ముఖం పాలిపోయింది. అయినా, "వాడు జైల్లో ఉండాడు. నీకు పరీక్షల భయం, అంతే" అంది.

చిన్నాయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"యాడ నిలబడినాడు?"

"పెట్టెకొట్టు పక్కన."

"ఎన్ని దినాలుగా?"

"మూడు."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. "సరి. గుడ్డలు సర్దండి."

"చిన్నబిడ్డ మాట పట్టుకోని పని ఇడిచిపెడతావా?" అని అమ్మ అరిచింది. ఆయన నా పుస్తకాలు సంచిలో పెట్టాడు.

మధ్యాహ్నం బస్సుకే తిరుత్తణి చేరాం. అక్కడి బస్టాండులో హెల్మెట్ పెట్టుకున్న వాళ్లంతా నాకు వాడిలాగే కనిపించారు. తిరువళ్లూరు బస్సులో అమ్మనూ నన్నూ కిటికీ వైపు కూర్చోబెట్టి, చిన్నాయన చివర కూర్చున్నాడు. ఆ సాయంత్రానికి కాట్టుపల్లి దగ్గర, ఓడరేవులో కాంట్రాక్టు పనిచేసే ఆయన స్నేహితుడి గదికి చేరాం.

సోమవారం పొద్దున మా పాత ఇంటి యజమానురాలు ఫోన్ చేసింది.

"తలుపు పగలగొట్టినాడు అక్కా. మీ దిండ్లు మూడూ వరసగా పెట్టి, ఒక్కొక్కదాన్నే పొడిచి పోయినాడు."

చిన్నాయన అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకొని, "నీ బిడ్డలు బాగుండారా?" అని అడిగాడు. మరుసటి దినం నుంచి ఓడరేవులో తుప్పు గీకే పనికి పోయాడు. మళ్లీ మగ్గం ముట్టలేదు. పెరోలు మీద బయటికొచ్చి తప్పించుకున్న వాడు పోలీసులకు దొరకలేదు.

చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "అమ్మే నమ్మల్యా. నువ్వెట్లా నమ్మినావు?"

"నమ్మినానో లేదో తెలీదు బిడ్డా. నువ్వు చెప్పినావు. పోవాల అనిపించింది."

పోయిన నెలలో ఊత్తుకోట రోడ్డులో వాణ్ని చూశామని ఎవరో అన్నారట. చిన్నాయన ఆ మాట విని, నా కంపెనీ బస్సు ఎన్ని గంటలకు దించుతుందో మాత్రం అడిగాడు. ఆరోజు నుంచి నేను దిగేసరికి బస్టాపులో ఉంటున్నాడు. నా వెనకాల ఎవరు దిగుతున్నారో చూస్తాడు.