నోటీసు చదివిపెట్టిన పెద్దాయన

గౌలిపురలో మా వెనక గల్లీలో ఉండే ఆ పెద్దాయన కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఏ కాగితమిచ్చినా అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివేవాడు. అందాకా మాట్లాడేవాడు కాదు.

మేం బాపు అని పిలిచే నాన్న పోయిన కొన్ని నెలలకు నాకు కోర్టు నోటీసు వచ్చింది. అందులో పిటిషనర్ మా అన్న, ప్రతివాదిని నేను. అన్న నా మీద కేసు వేశాడనుకుని అతనితో మాట మానేశాను. వాయిదా దగ్గరపడ్డాక ఆ కాగితం పెద్దాయనకు చూపించాను.

"ఇది లొల్లి కాదు బిడ్డా," అన్నాడు. "బాపు బ్యాంకుల దాచిన పైసలు మీకు రావాల్నంటే వారసులల్ల ఒకరు కోర్టును అడగాలె. మిగిలినోళ్లను ప్రతివాదులని రాస్తరు. నీకు గూడ హక్కున్నదని పిలిచిన్రు, గంతే."

"మరి అన్న ముందే చెప్పొచ్చు గదా?"

"ఆయనకు గూడ తెల్వదేమో. ఫోన్ చెయ్యి."

అక్కడే చేశాను. నోటీసు సంగతంతా అన్నకు చెప్పాను. "నీకెందుకు కోపమొచ్చిందో తెల్వక రోజూ బాపు ఫోటో ముంగట కూసుంటున్న చెల్లె," అన్నాడు. నేను ఏడుస్తుంటే పెద్దాయన మెల్లగా లేచి లోపలికి వెళ్లిపోయాడు.

కోర్టు వారసత్వ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు అన్నా నేనూ మిఠాయి పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాం. తాళం వేసి ఉంది. కూతురి ఇంటికి వెళ్లి, అక్కడే కన్నుమూశాడని పక్కింటావిడ చెప్పింది.

మా ఇద్దరినీ పక్కపక్కన ఆయన ఒక్కసారైనా చూడలేదు.